ఫ్లయర్ నౌకానాయకుడు

మచిలీపట్టణమున వలందపాలెమను పేట యొకటి గలదు. ఆ పేరు మన ఊళ్ల పేర్లలో పెక్కింటివలె చెట్టునుబట్టియో చెరువునుబట్టియో వచ్చినది కాదు. క్రీ.శ. 17వ శతాబ్దారంభమున హాలెండు దేశపు వర్తకులు మన తీరమునకు వచ్చి బందరున వర్తకస్థానము నేర్పరచుకొనిరి. వారిని మన పెద్దలు వలందులనిరి. వారి పేరిట ఆ పేట వలందపాలెమైనది. భీమునిపట్టణమునందును వారి సమాధులు సముద్రతీరమున నేటికిని నిలిచియున్నవి. ఆవిరియంత్రము పుట్టకమునుపే తెరచాపలను నమ్ముకొని, వేల మైళ్ల దూరమునుండి ఒక చిన్న దేశపు ప్రజలు మన రేవులకు వచ్చిరనగా, వారికి సముద్రముతో గల పరిచయము ఎట్టిదో ఊహింపవచ్చును.

ఆ పరిచయమున స్నేహమెంతయో వైరమును అంతయే కలదు. నెదర్లాండ్సు అనబడు ఆ దేశమున సుమారు నాలుగవవంతు భూమి సముద్రమట్టముకంటె పల్లమున నున్నది. కట్టలు తెగినచో పొలములును ఊళ్లును మునిగిపోవును. నీటితో నిత్యము వ్యవహరించు ప్రజల మాటలు ఇతర భాషలలోనికిని ప్రవహించినవి. పందెపునౌకకు లోకమంతట వాడుకలోనున్న ‘యాట్’ అను పేరు డచ్చి భాషనుండి వచ్చినదే. ఆ భాషలో మూలపదమునకు వేట అని అర్థము. దొంగనౌకలను తరుముటకు వాడిన తేలికనౌకలకు మొదట ఆ పేరు కలిగినది. నౌకానాయకుని ‘స్కిప్పర్’ అనుటయు వారి మాటయే. భాష బోధించుట వృత్తిగా గలవాడను గనుక ఈ సంగతి చెప్పక విడువజాలకపోతిని.

అట్టి దేశమున, రోటర్‌డామ్ అను మహారేవుపట్టణమున, 1926వ సంవత్సరమున కొర్నేలిస్ వాన్ రీట్‌స్కోటెన్ జన్మించెను. ఆత్మీయులును, తరువాత లోకమును, అతనిని కొన్నీ అని పిలిచిరి. చిన్ననాటనే అతనికి తెరచాప పడవ నడపుట అలవడెను. కాని పెద్దవాడైన పిదప కుటుంబపు వ్యాపారసంస్థను నడపుటలోనే అతని యౌవనము గడచినది. నడివయసున ఆ భారమును దించుకొనెను. మహాసముద్రపు పందెములలో ఆనాటికి అతని పేరు ఎవరును వినియుండలేదు.

అట్టి సమయమున ఒక పందెమును గూర్చిన వార్తలు అతని దృష్టి నాకర్షించెను. విట్‌బ్రెడ్ అను ఆంగ్లేయసంస్థ ద్రవ్యసహాయము చేయగా, బ్రిటిష్ నౌకాదళమునకు చెందిన తెరచాప నౌకల సంఘమువారు 1973వ సంవత్సరమున ఒక భూప్రదక్షిణ పందెమును నడపిరి. ఇంగ్లండున పోర్ట్స్‌మత్ రేవునుండి బయలుదేరి, మూడుచోట్ల మాత్రము ఆగి, భూగోళమును చుట్టి మరల ఆ రేవునకే రావలెను. దూరము రమారమి 27,000 సముద్రపు మైళ్లు. సముద్రపు మైలు మన కొలతలో ఒక కిలోమీటరు 852 మీటర్లు. ఈ దూరమంతయు గాలిబలముననే నడవవలెను.

ఈ మార్గము అర్థమగుటకు పాఠశాలలోని గోళమును ముందుంచుకొనుడు. ఇంగ్లండునుండి దక్షిణమునకు దిగుచు మొదట ఈశాన్య వ్యాపారపవనములను పట్టుకొనవలెను. అవి భూమధ్యరేఖ దాపున అంతరించును. అచ్చట గాలి యుండదు. ఉన్నను ఏ దిక్కున వీచునో తెలియదు. తెరచాపలు వ్రేలాడుచుండగా, ఎండలో రోజుల తరబడి నౌక కదలక నిలిచిపోవును. ఈ నిర్వాతమండలమును దాటినచో ఆగ్నేయ వ్యాపారపవనములు ఎదురగును. వానిని తప్పించుకొనుటకు పడమరగా, బ్రెజిలు వైపుగా చుట్టితిరిగి, పిమ్మట తూర్పునకు మరలి ఆఫ్రికా కొననున్న కేప్ టౌన్ చేరవలెను. పటముపై తిన్నని గీత గీచి దానివెంట పోదలచినవాడు తెరచాప నౌకలో ఎన్నటికిని ముందు రాలేడు.

కేప్ టౌన్‌నుండి న్యూజీలండులోని ఆక్లండునకు ఒక దారమును గోళముపై బిగించి చూడుడు. రెండు పట్టణములును ఇంచుమించు ఒకే అక్షాంశమున నున్నవి గదా, దారము ఆ అక్షాంశమువెంటనే పోవునని మీరనుకొందురు. కాని దారము దక్షిణమునకు జారి అంటార్కిటికా మంచునేలమీదుగా పోవును. గోళముపై దగ్గరిదారి అదియే. నేలమీద నౌక నడవదు గనుక నావికులు మంచు అడ్డుపడునంత వరకు దక్షిణమునకు దిగి, అచ్చటినుండి తూర్పునకు సాగెదరు. ఎంత దక్షిణమునకు దిగిన దారి అంత తగ్గును. చలియు మంచుకొండలును అంత హెచ్చును.

దక్షిణాన నలుబదవ అక్షాంశమునకు క్రింద పడమటిగాలులు భూమిచుట్టును ఎడతెగక వీచును. అడ్డుకొనుటకు పెద్ద భూభాగము లేదు. నావికులు ఈ ప్రాంతమును గర్జించు నలుబదులందురు. 1611వ సంవత్సరమున హెండ్రిక్ బ్రౌవర్ అను డచ్చి నావికుడు ఈ గాలులను పట్టుకొని, గుడ్ హోప్ అగ్రమునుండి జావాకు మునుపటికంటె అతిశీఘ్రముగ చేరెను. తరువాత డచ్చి వర్తకసంఘమువారు తమ నౌకలన్నియు ఆ మార్గముననే పోవలెనని శాసించిరి. మూడువందల అరువదియేండ్లకు పైగా గడచిన పిదప, బేరమునకు గాక పందెమునకు, ఆ గాలులనే నమ్ముకొని నౌకలు బయలుదేరెను.

1973–74 నాటి ఆ తొలి పందెము సుఖాంతము కాలేదు. ముగ్గురు నావికులు నౌకలనుండి సముద్రమున కొట్టుకొనిపోయి మరణించిరి. తెరచాపస్తంభములు విరిగెను, చుక్కానులు చెడెను. దానిని గెలిచినవాడు రామోన్ కార్లిన్ అను మెక్సికో దేశీయుడు. అతడు బట్టలుతుకు యంత్రములు తయారుచేయించు వ్యాపారి. అతని నౌక సయూలా పందెముకొరకు ప్రత్యేకముగ కట్టినది కాదు. గట్టిగ నిర్మించిన 65 అడుగుల సామాన్యపు నౌక. నిపుణులైన సేనానావికులు వెనుకబడగా ఆ వ్యాపారి ముందు నిలిచెను. మరియొక వ్యాపారియైన వాన్ రీట్‌స్కోటెన్‌కు ఈ సంగతి ఎంత ఆసక్తి కలిగించియుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

తరువాతి పందెము 1977లో జరుగనుండెను. అతడు తన వ్యాపారమును నడపినట్లే పందెమునకు సిద్ధపడెను. ఇతరులు ధనమిచ్చు సంస్థలకొరకు వెదకుచు కాలము గడపుచుండగా, అతడు స్వంత ధనమును వెచ్చించుటచే ఆ కాలమంతయు అతనికి మిగిలెను. ఇది అందరకు సాధ్యమగునది కాదని ఒప్పుకొనవలెను. కాని ధనము గలవారు పెక్కుమంది పాల్గొనిరి, వారందరు గెలువలేదు.

సయూలాను రూపొందించిన అమెరికా దేశపు స్పార్క్‌మన్, స్టీఫెన్స్ శిల్పులకే అతడును తన నౌక రూపకల్పన నప్పగించెను. ఆ నమూనానే మెరుగుపరచి, అల్యూమినియముతో, 65 అడుగుల పొడవున కట్టుమని కోరెను. నెదర్లాండ్సులోని హాయిస్మన్ నౌకాశాలవారు దానిని కట్టిరి. దానికి ఫ్లయర్ అని పేరు, అనగా ఎగురునది. ఒక స్తంభమునకు బదులు దానికి రెండు స్తంభము లుండెను. అందువలన తెరచాప విస్తీర్ణము చిన్న చిన్న భాగములై, తుపానునందును కొలదిమంది నావికులు వానిని సవరింపగలిగిరి. వేగముకంటె ముందు విరుగకుండుటను అతడు కోరెనని ఇందువలన తెలియుచున్నది.

నౌక నీటికి దిగిన తరువాత తిన్నగ పందెమునకు పోలేదు. అట్లాంటిక్ మహాసముద్రమును అమెరికాకు దాటి, అచ్చటినుండి మరల ఐరోపాకు ఒక పందెములో తిరిగివచ్చెను. ఏ త్రాడు ఒరసుకొని తెగును, ఏ కీలు సడలును, ఏ తెరచాప ఏ గాలికి తగును, ఏ నావికుడు మూడవవారమున విసుగుకొనును—ఇవన్నియు వేలమైళ్లు నడచినగాని తెలియునవి కావు. ప్రత్యర్థులలో కొందరి నౌకలు పందెపుదినమునకు రంగు ఆరకుండగనే రేవు చేరుట ఇట్టి పోటీలలో పరిపాటి. ఫ్లయర్ మాత్రము అప్పటికే మహాసముద్రమును రెండుమారులు చూచియుండెను.

1977 ఆగస్టు 27వ తేదీన పోర్ట్స్‌మత్‌నుండి 15 నౌకలు బయలుదేరెను. వానిలో నొకదానికి క్లేర్ ఫ్రాన్సిస్ అను ఆంగ్లవనిత నాయకురాలు. ఈ పందెమున ఒక స్త్రీ నౌకానాయకత్వము వహించుట అదియే ప్రథమము. ఫ్లయర్‌కు ముఖ్యప్రత్యర్థి కింగ్స్ లెజెండ్ అను నౌక. అదియు ఆ శిల్పులే రూపొందించినది, పొడవును అంతే. ఆరువేల మైళ్లకు పైబడిన మార్గమున, దాదాపు నలువది దినములు, రెండు నౌకలును ఒకదానికొకటి కనబడకయే పోటీపడెను. నేడు చేతిఫోనులో సైతము కనబడు మార్గసూచి వంటిది ఆనాటి నావికులకు లేదు. సెక్స్‌టెంట్ అను సాధనముతో సూర్యనక్షత్రముల ఎత్తును కొలిచి, గణితము చేసి, తామున్న చోటును గుర్తించుకొనుచుండిరి. మబ్బు పట్టినచో ఊహయే గతి. కేప్ టౌన్ రేవున ఫ్లయర్ మొదట ప్రవేశించెను. సుమారు రెండు గంటలకు కింగ్స్ లెజెండ్ కనబడెను. నెలకు మించిన ప్రయాణమున రెండు గంటల అంతరము! ఎవరైన నావికుడు ఒక రాత్రి తెరచాప మార్చుటకు బద్ధకించియుండినచో ఫలితము తారుమారై యుండెడిది.

1978 వసంతమున పోర్ట్స్‌మత్ చేరునప్పటికి పందెము ఫ్లయర్ గెలిచెను. కాని అందరికంటె తక్కువ కాలమున భూమిని చుట్టివచ్చినది ఫ్లయర్ కాదు. గ్రేట్ బ్రిటన్ రెండవది అను 77 అడుగుల నౌకకు సుమారు 134 దినములు పట్టగా, ఫ్లయర్‌కు 136 దినములు పట్టెను. వెనుక వచ్చినవాడు గెలుచుట యెట్లు? ఇది తెలియవలెనన్న నౌకావేగమును గూర్చి కొంత తెలియవలెను.

నీటిపై కదలు నౌక తన ముందొక అలను, వెనుక నొక అలను లేపును. వేగము హెచ్చినకొలది ఆ రెంటి నడిమి దూరము పెరుగును. ఆ దూరము నౌక పొడవుతో సరియైనప్పుడు, నౌక తానే చేసికొన్న గోతిలో చిక్కినట్లగును. అంతకుమించి వేగము పెంచుట మిక్కిలి కష్టము. పొడవైన నౌకకు ఈ హద్దు ఎక్కువ వేగమున గాని రాదు. పొడవు నాలుగింతలైనచో ఈ హద్దువేగము రెండింతలగును. దక్షిణసముద్రపు పెనుకెరటములపై జారునప్పుడు నౌక ఈ హద్దును దాటిపోవును గాని, మొత్తముమీద పెద్దనౌకయే వడిగ పోవునని చెప్పవలెను.

అందుచేత చిన్ననౌకలకు అన్యాయము జరుగకుండ, ప్రతి నౌకయొక్క పొడవు, బరువు, తెరచాపల విస్తీర్ణము మొదలగునవి కొలిచి దానికొక అంకె నిర్ణయింతురు. పట్టిన కాలమును ఆ అంకెనుబట్టి సవరింతురు. ఎనిమిదవ తరగతి బాలునకును ఐదవ తరగతి బాలునకును పరుగుపందెము పెట్టినచో చిన్నవానిని కొన్ని గజములు ముందు నిలుపుదుము గదా, అట్టిదే యిది. అట్లు సవరింపగా ఫ్లయర్ కాలము 119 దినములైనది. అదియే అందరిలో తక్కువ. ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది కలదు. పెద్దనౌక ముందుగ రేవు చేరినను, వెనుక వచ్చు చిన్ననౌకలు ఎప్పుడు చేరునో తెలియువరకు తాను గెలిచెనో లేదో దానికి తెలియదు.

ఏబదియొకటవ యేట పందెమున ప్రవేశించి మొదటిసారియే గెలిచినవాడు అంతటితో ఇంటికి పోవచ్చును. వాన్ రీట్‌స్కోటెన్ పోలేదు. లెక్కలో గెలిచుట యొకటి. అందరికంటె ముందు రేవు చేరుట వేరొకటి. ఈ రెండవదానిని కూడ సాధింపవలెనని అతడు 1981 నాటి పందెమునకు మరియొక ఫ్లయర్‌ను కట్టించెను. ఈసారి శిల్పి అర్జెంటీనా దేశస్థుడైన హెర్మన్ ఫ్రేర్స్. పొడవు 76 అడుగులు, స్తంభము ఒకటే. మొదటి నౌక నిదానమైన ఎద్దువంటిదైనచో ఇది గుఱ్ఱమువంటిది. నావికులను ఎంచుటయందును, ముందుగ మహాసముద్రముపై నౌకను పరీక్షించుటయందును పాతపద్ధతి మారలేదు. ఆ నావికులలో గ్రాంట్ డాల్టన్ అను న్యూజీలండు యువకుడు నుండెను. పండ్రెండేండ్ల తరువాత అతడు స్వయముగ నాయకుడై ఈ పందెమును గెలిచెను.

1981 ఆగస్టు మాసాంతమున 29 నౌకలు బయలుదేరెను. వానిలో సెరామ్కో న్యూజీలండ్ అనునది ఫ్లయర్‌కు సమఉజ్జీ. దాని నాయకుడు పీటర్ బ్లేక్, అప్పటికి ముప్పదిరెండేండ్లవాడు. విధి అతనికి మొదటనే ఎదురుతిరిగెను. అసెన్షన్ ద్వీపపు దాపున సెరామ్కో తెరచాపస్తంభము కూలెను. మరియొకడైనచో సమీపపు రేవునకు పోయి ఊరకుండును. బ్లేక్ విరిగిన ముక్కలతో ఒక పొట్టిస్తంభమును నిలబెట్టి, దానికి తగిన తెరచాపలు కట్టి, వేలమైళ్లు చుట్టుదారిని నడచి కేప్ టౌన్ చేరెను. అచ్చట క్రొత్తస్తంభమును నాటించుకొని, కోల్పోయిన కాలమును రాబట్టుకొనుటకు సింహమువలె వచ్చుచుండెను. ఆక్లండు అతని స్వదేశపు రేవు. తన ప్రజల కన్నులయెదుట ఆ రేవును మొదట ప్రవేశింపవలెనని అతని పంతము.

కేప్ టౌన్‌నుండి ఆక్లండు వరకు ఆ రెండు నౌకలు సాగించిన పోరు నౌకాపందెముల చరిత్రలో చెప్పుకొనదగినది. అంత విశాలమైన సముద్రమున అవి కొన్నిమారులు ఒకదానికొకటి కనుచూపుమేరలోనే నడచెను. సెరామ్కోవారు పండ్రెండు గంటల కొకసారి రేడియోలో పిలిచి ఫ్లయర్ ఎచ్చట నున్నదో అడుగుచుండిరి. ఎదుటివాడు ఎంత దూరమున నున్నది తెలిసినచో ఎంత సాహసము చేయవలెనో తెలియును గదా.

ఈ స్థితిలో, నేలకు వేలమైళ్ల దూరమున, గర్జించు నలుబదులకు దిగువ, వాన్ రీట్‌స్కోటెన్‌కు గుండెపోటు వచ్చెను.

అతని వయసు 55 సంవత్సరములు. హెలికాప్టరు అంత దూరము రాలేదు. వెనుకకు మరలుటయు ముందుకు పోవుటయు ఇంచుమించు సమానమే. నౌకలో హృద్రోగనిపుణుడు లేడు. అట్టి నిపుణుడు సమీపమున ఒక్కచోటనే కలడు: సెరామ్కోలో! ఫ్లయర్‌లో వైద్యవిషయములు చూచుచున్న నావికుడు ఆ నిపుణుని రేడియోలో సంప్రదింపవలెనని తలచెను. నాయకుడు వలదనెను. తనకు జబ్బు చేసినదని తెలిసినచో సెరామ్కోవారు తమ నౌకను మరింత బలముగ తరుముదురని అతని వాదము. ఈ సంగతి రేడియోలో పొక్కరాదని అతడు తన నావికులందరిచేత మాట తీసికొనెను. వారు మాట నిలుపుకొనిరి. యథాప్రకారము పండ్రెండు గంటల కొకసారి సెరామ్కో పిలుచుచునే యుండెను. ఫ్లయర్ మామూలు కంఠముతో బదులు చెప్పుచునే యుండెను. క్రింద పడకపై నాయకుడు మృత్యువుతో పెనగులాడుచుండెను.

తరువాతి కాలమున అతడీ సంగతిని నవ్వుచు చెప్పెడివాడట. తాను మరణించియున్నచో తనవారు సముద్రమున విడుతురు; సెరామ్కోవారు తేలిపోవుచున్న తన దేహమును చూతురేమో; ఫ్లయర్‌కు సంబంధించినది వారికంటబడుట అదియే కడసారి యగునని అతని హాస్యము.

ఈ ఘట్టమును చదివినవారిలో పెక్కుమంది అతని ధైర్యమును కొనియాడుదురు. అది ధైర్యమే, కాదనను. కాని నాకొక సందేహము కలుగుచున్నది. అతని ప్రాణము అతనిదే గనుక దానిని పణముగ నొడ్డు హక్కు అతనికి కలదనుకొందము. ఆ నావికుల మాటయేమి? కన్నులయెదుట తమ నాయకుడు మరణించుచున్నను, పిలిచిన పలుకు వైద్యుడు రేడియోలో నున్నను, నోరు మెదపరాదను భారము వారిపై పడెను. అతడు మరణించియుండినచో ఆ యువకులు జీవితాంతము ఆ మౌనమును మోయవలసివచ్చెడిది. అదే జబ్బు వారిలో నొకనికి వచ్చియుండినచో నాయకుడు రేడియోను మూయించియుండునా? మూయించియుండడనియే నేను తలచుచున్నాను. నౌకకు నాయకుడైనవాడు తన నావికులయెడ చూపు జాగ్రత్తలో కొంతయైనను తనయెడ చూపవలసినది. విద్యార్థులు దీనిని గూర్చి తమలో తాము వాదించుకొనుట మంచిది. నాతో ఏకీభవింపవలెనను నియమము లేదు.

ఒక్కటిమాత్రము వాదమునకు అతీతము. నాయకుడు పడకపై నున్న దినములలోను ఫ్లయర్ వేగము తగ్గలేదు. ఎవ్వరును ఆజ్ఞకొరకు ఎదురుచూడలేదు. ఎప్పుడు ఏ తెరచాప దింపవలెనో, ఎప్పుడు ఎవరు చుక్కాని పట్టవలెనో వారికి తెలిసియే యుండెను. సంవత్సరముల తరబడి అతడు చేసిన ఏర్పాటు, అతడు లేచి నిలువజాలని దినములలో పనిచేసెను. నాలుగేండ్లుగా అతడు స్తంభములకును త్రాళ్లకును పెట్టిన పరీక్షలకంటె ఇది గొప్పపరీక్ష. ఇది ఎవరును ముందుగ ఏర్పరచినది కాదు.

అతడు క్రమముగ కోలుకొనెను. ఫ్లయర్ ఆక్లండు రేవును మొదట ప్రవేశించెను. కొన్ని గంటలకు సెరామ్కో వచ్చెను. రేవున గుమికూడిన న్యూజీలండు ప్రజలు తమ బ్లేక్ రెండవవాడైనను అతనికి జేజేలు పలికిరి. తామెట్టివానితో పోరాడిరో సెరామ్కోవారికి పూర్తిగ తెలియుట ఆ తరువాతనే.

గుండెపోటు వచ్చినవాడు అచ్చటనే నౌకనుండి దిగిపోవునని మీరనుకొందురు. అతడు దిగలేదు. ఆక్లండునుండి తూర్పునకు సాగి, దక్షిణ అమెరికా కొననున్న హార్న్ అగ్రమును చుట్టి, అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటా చేరవలెను. హార్న్ అగ్రము సుమారు 56వ దక్షిణాక్షాంశమున నున్నది. పడమటి గాలులన్నియు ఆ అగ్రమునకును అంటార్కిటికాకును నడుమనున్న ఇరుకుదారిలో దూరవలసియుండుటచే అచ్చట కెరటములు కొండలవలె లేచును. ఈ మార్గమునను ఫ్లయర్, సెరామ్కో జంటగనే పరుగెత్తెను. మార్ డెల్ ప్లాటాలోను ఫ్లయర్‌దే మొదటిస్థానము. 1982 మార్చి మాసమున పోర్ట్స్‌మత్ చేరునప్పటికి నాలుగు భాగములలోను అది ముందు నిలిచినదైనది. పట్టిన కాలము 120 దినములు. గ్రేట్ బ్రిటన్ రెండవది నెలకొల్పిన కాలముకంటె ఇది రెండువారములు తక్కువ. సవరించిన లెక్కలోను అతడే మొదటివాడు. ఫ్రెంచివారి నౌక షార్ల్ హైడ్సీక్ రెండవదాయెను. ఒకే పందెమున ఈ రెండు గౌరవములు ఒక్కనికే దక్కుట అంతకుముందు లేదు. ఈ పందెమును నాయకుడై రెండుమారులు గెలిచినవాడు వాన్ రీట్‌స్కోటెన్ ఒక్కడే.

బ్లేక్ ఓటమిని మరువలేదు. 1989–90 పందెమున స్టైన్‌లాగర్ అను నౌకతో అన్ని భాగములను గెలిచి, తాను ఎవరినుండి పాఠము నేర్చెనో లోకమునకు చూపెను. ఆ వీరుడు 2001 డిసెంబరున అమెజాన్ నదీముఖమున దొంగలచేతిలో మరణించెను. పందెమునకు ద్రవ్యమిచ్చు సంస్థయు పేరును తరువాత మారినవి గాని పందెము నిలిచియున్నది. ఇప్పుడు దానిని ది ఓషన్ రేస్ అందురు.

వాన్ రీట్‌స్కోటెన్ మూడవమారు పోటీచేయలేదు. కడపటి సంవత్సరములు పోర్చుగల్‌లో గడపి, 2013 డిసెంబరున తన 87వ యేట అచ్చటనే కన్నుమూసెను. దక్షిణసముద్రమున ఆగబోయిన ఆ గుండె అటుపిమ్మట ముప్పదిరెండేండ్లు కొట్టుకొనెను. నెదర్లాండ్సున తెరచాప క్రీడయందు విశేషప్రతిభ చూపినవారికి అతని పేరిట ఒక బహుమతి నిత్తురు. 2016లోను 2024లోను ఒలింపిక్ స్వర్ణపతకములు గెలిచిన మరిట్ బౌమీస్టర్ ఆ బహుమతి నందినవారిలో నొకరు. ఆమె నడపు పడవ పొడవు 14 అడుగులు. అందులో నావికులెవరు నుండరు. నాయకురాలును ఆమెయే, కళాసియు ఆమెయే.